జగదీశ చంద్ర బోసు

కృష్ణానది సముద్రమున కలియుటకు ముందు పాయలుగా చీలి దివిసీమను కౌగిలించుకొనును. ఆ డెల్టా భూములలో, ఒకప్పుడు బౌద్ధస్తూపముచేతను, ఓడవర్తకముచేతను ప్రసిద్ధి గాంచిన ఘంటసాల మొదలుకొని చల్లపల్లి, అవనిగడ్డ ప్రాంతముల వరకు కాలువగట్లపై అత్తిపత్తి మొక్కలు కానవచ్చును. బడికి పోవు పిల్లలు దాని ఆకును వ్రేలితో తాకుదురు. తాకినంతనే చిరుటాకులు జంటజంటలుగా ముడుచుకొనును. మరుక్షణమున ఆకుకాడ యంతయు క్రిందికి వ్రాలిపోవును. పిల్లలు నవ్వుకొని ముందునకు సాగుదురు.

ఆలోచించి చూచినచో ఈ చిన్న వినోదమున ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. వ్రేలు తగిలినది ఆకు కొనకు. వంగినది కాడ మొదలు. కొనయందు జరిగిన సంగతిని మొదటికి తెలిపినది ఏది? మొక్కకు నోరు లేదు, మెదడు లేదు, జంతువులకున్నట్టి నాడులు లేవు. దాని శరీరమంతయు కంటికి ఆనని చిన్న చిన్న కణములతో కట్టబడినది. ఒక కణమునుండి మరియొక కణమునకు వార్త ఏ రూపమున పోవుచున్నది? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుటకై తన జీవితమున సగపాలు వెచ్చించి, అందులకై పండితుల తిరస్కారమునకు సైతము ఓర్చుకొనిన భారతీయ శాస్త్రజ్ఞుడు జగదీశ చంద్ర బోసు.

బోసు 1858 నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశములో చేరియున్న మైమెన్‌సింగ్‌లో జన్మించెను. తండ్రి భగవాన్ చంద్ర బోసు డిప్యూటీ మేజిస్ట్రేటుగా పలుచోట్ల పనిచేసెను. ఆ కాలమున ఉద్యోగుల బిడ్డలు ఇంగ్లీషు బడులకు పోవుట గౌరవముగా ఎంచబడుచుండెను. భగవాన్ చంద్రుడు మాత్రము కుమారుని మొదట బెంగాలీలో చదువు చెప్పు పాఠశాలకే పంపెను. తన భాషను, తన ప్రజలను ఎరిగిన పిదపనే బిడ్డ పరభాషను నేర్వవలెనని ఆయన తలంపు. ఆ బడిలో బాలునికి ఒక ప్రక్క తండ్రివద్ద పనిచేయు ముస్లిం సేవకుని కుమారుడును, మరియొక ప్రక్క జాలరి కుమారుడును కూర్చుండెడివారు. పక్షులను గూర్చియు, జంతువులను గూర్చియు, నీటిలోని ప్రాణులను గూర్చియు వారు చెప్పు కథలను జగదీశుడు నోరు తెరచుకొని వినెడివాడు. ప్రకృతి రహస్యములను ఎరుగవలెనను కోరిక తనలో ఆనాడే మొలకెత్తినదని పెద్దవాడైన పిమ్మట ఆయన తలచుకొనుచుండెను.

పదునొకండవ యేట జగదీశుడు కలకత్తాకు వచ్చి హేర్ పాఠశాలలోను, పిదప సెంట్ జేవియర్స్ విద్యాలయములోను చదివెను. అచ్చట భౌతికశాస్త్రమును బోధించుచుండిన ఫాదర్ లఫాఁ గొప్ప గురువు. పుస్తకములోని సూత్రమును వల్లె వేయించుటతో ఆయన తృప్తిపడెడివాడు కాడు. ప్రతి విషయమును పరికరములతో కన్నులయెదుట చేసి చూపెడివాడు. చెప్పుట వేరు, చూపుట వేరు అను పాఠము శిష్యుని మనస్సున గాఢముగ నాటుకొనెను.

1879లో పట్టభద్రుడై, మరుసటి యేడు బోసు ఇంగ్లండునకు ప్రయాణమయ్యెను. మొదట లండనులో వైద్యవిద్య నారంభించెను. కాని అంతకుముందే సోకిన జ్వరము మరల మరల తిరుగబెట్టుచుండెను. శవపరీక్షశాలలోని వాసనలు ఆ జబ్బును మరింత పెంచెను. అందుచేత వైద్యమును విడిచి కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతిశాస్త్రములను అభ్యసించెను. కాంతి ధ్వనుల విషయమున మహాపండితుడైన లార్డ్ రేలీ ఆయనకు భౌతికశాస్త్ర గురువు. సిడ్నీ వైన్స్ అను వృక్షశాస్త్రజ్ఞుడును ఆయనకు పాఠములు చెప్పెను. ఈ ఇరువురి విద్యలును ఒకే శిష్యునిలో చేరుట ముందునాళ్లలో గొప్ప ఫలము నీయనుండెను.

1885లో స్వదేశమునకు తిరిగివచ్చి బోసు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా నియుక్తుడయ్యెను. ఆనాడు ఒకే పని చేయు ఆంగ్లేయునికిచ్చు జీతములో మూడింట రెండుపాళ్లే భారతీయునికి ఇచ్చుచుండిరి. బోసు నియామకము తాత్కాలికము కావున అందులోను సగమే ఇత్తుమనిరి. ఆయన కలహింపలేదు; ఉద్యోగమును విడువలేదు. పాఠములు శ్రద్ధగా చెప్పుచు, జీతమును మాత్రము ముట్టక నిరాకరించెను. ఇట్లు 3 సంవత్సరములు గడచెను. ఆ దినములలో తండ్రి వ్యాపారములందు నష్టపడి అప్పులపాలై యుండెను. ఇంటిలో ఇబ్బంది యెంతటిదైనను బోసు తన పట్టు విడువలేదు. 1887లో ఆయనను వివాహమాడిన అబలాదేవి, చెన్నపట్టణమున కొంతకాలము వైద్యము చదివిన విదుషీమణి. ఆమె ఆ కష్టమును భర్తతోపాటు నవ్వుచు భరించెను. తుదకు అధికారులు ఆయన యోగ్యతను గ్రహించి, ఉద్యోగమును స్థిరపరచి, మొదటినుండి రావలసిన పూర్తి జీతమును ఒక్కమారుగా చెల్లించిరి. ఆ సొమ్ము తండ్రి ఋణములను తీర్చుటకు పోయెను.

కళాశాలలో పరిశోధనకు తగిన ప్రయోగశాల లేదు. స్నానపుగదిని ఆనుకొనియున్న 24 చదరపు అడుగుల చిన్న గదియే ఆయనకు దక్కెను. స్థానికుడైన రేకుపనివానిని ఒకనిని కుదుర్చుకొని, తన పరికరములను తానే ఆలోచించి చేయించుకొనెను. 1894లో ఆ యిరుకు గదిలో ఆయన చేపట్టిన పని విద్యుదయస్కాంత తరంగముల పరిశోధన.

ఈ తరంగములన నేమి? సూర్యుని వెలుగు, పొయ్యి సెగ, ఆకాశవాణి వార్తలను మోసికొనివచ్చు రేడియో తరంగములు, ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. వీని భేదమంతయు తరంగపు నిడివిలోనే కలదు. ఇట్టి తరంగములు కలవని మాక్స్‌వెల్ గణితముచేత ఊహించెను. హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరములలో వానిని ప్రయోగమున పుట్టించి చూపెను. హెర్ట్జ్ తరంగములు చాల పొడవైనవగుటచే వానితో సూక్ష్మముగ పరీక్షలు చేయుట కష్టము. బోసు వాని నిడివిని 5 మిల్లీమీటర్ల వరకు తగ్గించెను. అవి కాంతివలెనే అద్దముపైనుండి మరలునని, పట్టకము గుండా వంగునని నిరూపించెను. మెలివేసిన జనపనార కట్టలవంటి సామాన్య వస్తువులను సైతము ఆ పరీక్షలలో వాడుకొనెను.

1895లో కలకత్తా పురమందిరమున బోసు తన తరంగములను ప్రజలయెదుట ప్రదర్శించెను. తీగ యేదియు లేకయే అవి గోడలను దాటిపోయి, దూరముననున్న గంటను మ్రోగించెను, తుపాకిమందును ప్రేల్చెను. సభాసదులు విస్తుపోయిరి. లండను విశ్వవిద్యాలయము 1896లో ఆయనకు డాక్టరు పట్టము నిచ్చెను. 1897లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వారు ఆయనను పిలిపించి ఉపన్యాసమిప్పించిరి. ఆయన రూపొందించిన స్ఫటిక గ్రాహకమునకు మిత్రుల బలవంతముపై 1904లో అమెరికాలో పేటెంటు లభించెను. కాని జ్ఞానమును సొమ్ముగా మార్చుకొనుట ఆయనకు ఇష్టము లేకుండుటచే దానినుండి లాభమును ఆశింపలేదు.

ఇంతటి కీర్తి గడించిన పిదప మరియొకరైనచో ఆ మార్గముననే సాగిపోయి యుందురు. బోసు దారి మళ్లెను. అందుకు కారణము ఆయన పరికరముననే కనబడెను. తరంగములను పట్టు లోహపు గ్రాహకము ఎక్కువసేపు పనిచేసినచో క్రమముగ మందగించుచుండెను. కొంత విశ్రాంతి నిచ్చినచో మరల తేరుకొనుచుండెను. ఆ తీరును గీతగా గీచి చూచినప్పుడు, అలసిపోయిన కండరము ఇచ్చు గీతవలెనే అది కానవచ్చెను. లోహమునకును, జంతువు కండరమునకును ఇట్టి పోలిక యున్నచో, ఈ రెంటికిని నడుమ నిలిచిన మొక్క మాట యేమి అని ఆయన ప్రశ్నించుకొనెను. తోటలోని ఆకులను, అంగటిలోని కారట్, టర్నిప్ దుంపలను తెచ్చి, వానికి తీగలు తగిలించి, అతిసూక్ష్మమైన విద్యుత్తును గూడ చూపగల గాల్వనామీటరునకు కలిపెను. మొక్కను గిల్లినను, మెలిపెట్టినను, వేడి తగిలించినను గాల్వనామీటరు కదలెను. మత్తుమందు నిచ్చినప్పుడు కదలిక తగ్గెను. విషమునిచ్చి చంపిన పిదప కదలిక యే లేకపోయెను.

1901 మే నెలలో బోసు ఈ ప్రయోగములను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రదర్శించినప్పుడు సభ మెచ్చుకొనెను. జూన్ నెలలో రాయల్ సొసైటీ యెదుట అవే సంగతులను చెప్పినప్పుడు కథ మారెను. అచ్చట కూర్చున్నవారిలో బర్డన్ శాండర్సన్ ముఖ్యుడు. ఆయన ఆనాటి శరీరధర్మశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. ఈగలను పట్టి తిను వీనస్ ఫ్లైట్రాప్ మొక్కలో విద్యుత్సంకేతము కలదని 1873లో చార్లెస్ డార్విను కోరికపై కనుగొనినది ఆయనయే. ఇట్టి సంకేతము కదలు గుణముగల కొన్ని మొక్కలకే గాని, సాధారణమైన మొక్కలకు లేదని ఆయన విశ్వాసము. భౌతికశాస్త్రజ్ఞుడు తన శాస్త్రమును విడిచి పరుల పొలములో అడుగిడరాదని ఆయన భావము. వ్యాసపు పేరు మార్చినచో అచ్చువేయుదుమని బోసునకు సూచన వచ్చెను. తన కన్నులతో చూచినదానికి వేరొక పేరు పెట్టుటకు బోసు ఒప్పుకొనలేదు. వ్యాసము అచ్చుకాక మూలపడెను.

అది ఆయనకు కఠిన పరీక్షాకాలము. పరదేశమున నుండి పోరాడవలెను. సెలవు పొడిగించుటకు ప్రభుత్వము అనుకూలముగా లేదు. చేతిలో ధనము చాలదు. భౌతికశాస్త్రమున గడించిన పేరు గూడ ఈ వివాదములో పోవునేమోనను భయము. ఆ సమయమున ఆయన మిత్రుడు రవీంద్రనాథ టాగూరు ఉత్తరములతో ధైర్యము చెప్పుటయేగాక, త్రిపుర మహారాజునుండి ద్రవ్యసహాయమును చేకూర్చెను. సోదరి నివేదిత ఆయన గ్రంథరచనకు తోడ్పడెను. కేంబ్రిడ్జిలో చదువు చెప్పిన సిడ్నీ వైన్స్ 1902లో బోసు ప్రయోగములను చూచి, లినియన్ సొసైటీలో ప్రదర్శించుటకు అవకాశము కల్పించెను. ఆ యేడే బోసు తన పరిశోధనలను పుస్తకముగా ప్రకటించెను. పత్రికలు తలుపు మూసినచో గ్రంథములు వ్రాయుటకు ఆయన నిశ్చయించుకొనెను. 1906లోను, 1913లోను మరికొన్ని పెద్ద గ్రంథములు వెలువడెను.

కలకత్తాకు తిరిగివచ్చి బోసు అత్తిపత్తిని చేపట్టెను. ఆనాటి పెద్దల మతము ప్రకారము, అత్తిపత్తిలో వార్త మోయునది నీరు. ఆకును తాకగానే లోపలి నీటిలో ఒత్తిడి కలిగి, గొట్టములో నీరు నెట్టబడినట్లు ఆ ఒత్తిడి కాడ మొదటికి చేరుచున్నదని వారు చెప్పుచుండిరి. ఈ మాట నిజమో కాదో తేల్చుటెట్లు? నీటి ఒత్తిడియే వార్తయైనచో, దారిలో కొంతభాగమును చల్లబరచినను, విషము పూసినను దానికి అడ్డు కలుగరాదు. ప్రాణముగల కణములే వార్తను అందించుచున్నచో, చలికి అవి మందగింపవలెను; విషమునకు ఆగిపోవలెను. బోసు ఈ పరీక్షనే చేసెను. ఆకుకాడ నడుమ మంచుతో చల్లబరచినప్పుడు వార్త ఆలస్యమయ్యెను. చలి ఇంకను హెచ్చినప్పుడు ఆగిపోయెను. విషము పూసిన చోటును అది దాటలేకపోయెను. నీరు కదలుటకు ఏమాత్రమును చాలని మిక్కిలి స్వల్పమైన విద్యుత్ప్రేరణకు సైతము వార్త బయలుదేరెను.

ఇట్టి పరీక్షలకు సెకనులో వందవ వంతును, అంతకంటె తక్కువ కాలమును కొలువగల సాధనము కావలెను. ఆకు బలము చాల కొంచెము. అది కలమును గీచుచు లాగవలెనన్నచో రాపిడికే ఆగిపోవును. బోసు ఒక తెలివైన ఉపాయము పన్నెను. పొగ పట్టించిన గాజుపలకపై సన్నని సూది ఎడతెగక ఆనియుండుటకు బదులు, సెకనునకు అనేకమారులు కంపించుచు చుక్కలుగా తాకునట్లు అమర్చెను. రాపిడి తొలగెను, చుక్కకును చుక్కకును నడుమనున్న కాలము నిశ్చితమగుటచే ఆ చుక్కల వరుసయే గడియారమయ్యెను. మొక్క తన చరిత్రను తానే వ్రాసికొన్నట్లయ్యెను. అత్తిపత్తి కాడలో వార్త సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగముతో పోవుచున్నదని ఇట్లు తెలిసినది. కప్ప నాడిలో సంకేతము సెకనుకు ఇంచుమించు 30 మీటర్లు పోవును. మొక్క వార్త దానికంటె ఎన్నోరెట్లు మందము. అయినను అది పోవు తీరు నాడీసంకేతమును పోలియున్నది.

అంతటితో బోసు విడువలేదు. కొన తప్ప తక్కిన భాగమంతయు విద్యుత్తు సోకకుండ కప్పిన సన్నని సూదిని కాడలోనికి కొంచెము కొంచెముగా దించి, ఏ పొరలో విద్యుత్సంకేతము బలముగా నున్నదో పరీక్షించెను. ఆకులో తయారైన ఆహారమును తీసికొనిపోవు పోషకకణజాలమే వార్తను గూడ మోయుచున్నదని ఆయన తేల్చెను. తరంగములను పట్టుటలో ఆరితేరిన చేయి, అతిసూక్ష్మమైన విద్యుత్తును కొలుచుటలో అలవాటుపడిన కన్ను ఉండుటచేతనే ఆయనకిది సాధ్యమయ్యెను. పరుల పొలమన్నది నిజమునకు ఆయన పొలమే.

1915లో బోసు ప్రెసిడెన్సీ కళాశాలనుండి విరమించెను. 1917 నవంబరు 30వ తేదీన, తన జన్మదినముననే, కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించెను. తాను కూడబెట్టిన ధనమును దానికి సమర్పించెను. అచ్చట కనుగొనబడు విషయములు అందరి సొత్తు కావలెనని, వానికి పేటెంటులు తీసికొనరాదని నియమించెను. మొక్క పెరుగుదలను ఒక కోటి రెట్లు పెద్దది చేసి చూపగల క్రెస్కోగ్రాఫు అను యంత్రమును నిర్మించెను. అంత చిన్న కదలికను అంత పెద్దగా చూపుట అసాధ్యమని లండనులో కొందరు ఆక్షేపించిరి. 1920లో బోసు ఆ యంత్రమును లండనునకు తీసికొనిపోయి, ప్రముఖ శాస్త్రజ్ఞులయెదుట నడిపించి చూపెను. వారు పరిశీలించి, యంత్రము సరిగా పనిచేయుచున్నదని పత్రికాముఖమున ప్రకటించిరి. 19 సంవత్సరముల క్రిందట వ్యాసమును మూలబెట్టిన రాయల్ సొసైటీయే ఆ యేడు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

బోసు చెప్పినదంతయు కాలపరీక్షకు నిలువలేదు. చెట్టులో నీరు పైకెక్కుటకు లోపలి కణములు గుండెవలె కొట్టుకొనుటయే కారణమని ఆయన వాదించెను. ఆ వాదమును శాస్త్రలోకము అంగీకరింపలేదు. రేడియో తరంగములు సోకినప్పుడు మొక్క పెరుగుదల మారునని ఆయన ప్రకటించినది గూడ స్థిరసత్యముగా నిలువలేదు. అత్తిపత్తి విషయముననే, కాండమును కోసి నడుమ నీరు నింపిన గొట్టము నమర్చినను వార్త దాటిపోవుచున్నదని ఇటలీ శాస్త్రజ్ఞుడు రిక్కా 1916లో చూపెను. అనగా తీవ్రమైన గాయము తగిలినప్పుడు కొన్ని రసాయన పదార్థములును నీటితోపాటు పోయి వార్తను చేరవేయును. మెల్లగా తాకినప్పుడు విద్యుత్సంకేతము, గాయపరచినప్పుడు దానికి తోడు రసాయనము, ఇట్లు మొక్కకు ఒకటి కంటె ఎక్కువ దారులు కలవు. మొక్కకు వార్తాప్రసారము కలదను మూలసత్యమున బోసు నిలిచెను. దాని విస్తారమున కొన్నిచోట్ల పొరబడెను.

1937 నవంబరు 23వ తేదీన గిరిదిలో బోసు కన్నుమూసెను. పిదప చాలకాలము ఆయన వృక్షపరిశోధనలను పట్టించుకొనినవారు కొద్దిమంది. సూక్ష్మ పరికరములు వృద్ధి చెందిన కొలది ఆ ప్రశ్న మరల తలయెత్తెను. కణపు పొరకు ఇరువైపుల విద్యుత్పీడనములో భేదము కలదని, తాకిడి తగిలినప్పుడు ఆ పొరలోని సన్నని ద్వారములు తెరచుకొని విద్యుదావేశము గల కణికలు లోనికిని వెలుపలికిని పోవునని, అందుచే కలుగు మార్పు ప్రక్కకణమునకు అందునని తెలియవచ్చెను. ఆ సంకేతము కాడ మొదటనున్న ఉబ్బును చేరగానే అచ్చటి కణములు నీటిని విడిచి మెత్తబడును, కాడ వ్రాలును. 2013లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఇట్టి విద్యుత్సంకేతములకు తోడ్పడు జన్యువులను గుర్తించిరి. 2018లో ఒక ఆకును గొంగళిపురుగు కొరికినప్పుడు కాల్షియపు అల కొలది నిమిషములలో దూరపు ఆకులకు వ్యాపించుటను, వెలుగునిచ్చు ప్రోటీనుల సాయమున, కన్నులార చూపిరి. 2022లో జపాను శాస్త్రజ్ఞులు అత్తిపత్తిలోనే కాల్షియపు సంకేతమును, విద్యుత్సంకేతమును కలిపి పరిశీలించి, ఆకు ముడుచుకొనుట పురుగులనుండి మొక్కను కాపాడుచున్నదని నిరూపించిరి.

పైరును నమ్మి బ్రదుకు సీమలకు ఇది వట్టి వినోదము కాదు. కృష్ణా డెల్టాలో వరికోతల వేళ తడి యారని చేలలో మినుము చల్లుదురు. ఘంటసాలలో అట్టి పైరులపై కృషిచేయు వ్యవసాయ పరిశోధనాస్థానము గలదు. పురుగు కొరికిన ఆకు తక్కిన ఆకులను హెచ్చరించు విధము పూర్తిగా తెలిసిననాడు, పైరు తన్ను తాను కాపాడుకొను శక్తిని పెంచు మార్గమును గూడ రైతు ఆశింపవచ్చును.

కణములు విద్యుత్తుతో వార్తలు పంపుట నిశ్చయమైనది. మరి కాంతితో పంపునా? మిణుగురు పురుగులు తమ వెలుగుతో జతగాండ్రను పిలుచుకొనుట చీకటిరాత్రులందు అందరును చూచుచున్నదే. కాని కణము కణముతో కాంతిభాష నెరపుట వేరు సంగతి. రష్యా శాస్త్రజ్ఞుడు గుర్విచ్ 1923లో ఒక ఉల్లివేరు కొనను మరియొక ఉల్లివేరు ప్రక్కకు ఎదురుగా నుంచి పరీక్షించెను. ఎదురుగానున్న వైపున కణవిభజన హెచ్చెనని, నడుమ గాజు నుంచినచో ఆ ఫలము కలుగలేదని, స్ఫటికశిల యగు క్వార్ట్జు నుంచినచో కలిగెనని ఆయన చెప్పెను. కంటికి కానరాని అతినీలలోహిత కాంతి కణములనుండి వెలువడుచున్నదని ఆయన వాదము. అనేకులు ఆ ప్రయోగమును మరల చేసి చూచిరి. కొందరికి ఫలించెను, పెక్కుమందికి ఫలింపలేదు. కావున అది మూలపడెను. అయితే 1950 తరువాత, అత్యల్పమైన కాంతిని గూడ లెక్కింపగల పరికరములు వచ్చినప్పుడు, జీవకణములనుండి మిక్కిలి మందమైన వెలుగు నిజముగా వెలువడుచున్నట్లు తెలిసినది. ఆ వెలుగు కణములు పంపుకొను వార్తయా, లేక కణములోని రసాయనక్రియలందు వ్యర్థముగ రాలిన నిప్పురవ్వయా అను ప్రశ్నకు ఇంకను నిర్ణయము కలుగలేదు.

అట్టి ప్రశ్నను తేల్చవలసినవారికి బోసు జీవితము రెండు విషయములను బోధించుచున్నది. పెద్దలు కాదన్నంతమాత్రమున కన్నులార చూచిన సత్యమును విడువరాదు. తాను నమ్మినంతమాత్రమున పరీక్షకు నిలువని మాటను సత్యమని పట్టుకొని వ్రేలాడరాదు. మొదటి గుణము బోసునందు నిండుగ నుండెను. రెండవదాని అవసరమును ఆయన పొరపాటులే తెలుపుచున్నవి. ఈ రెంటికిని న్యాయము చెప్పునది పాండిత్యమును కాదు, పదవియును కాదు; చక్కగా కట్టిన పరికరము, నిజాయితీతో చేసిన ప్రయోగము. 24 చదరపు అడుగుల గదిలో ఆరంభమైన ఆ సాధన, నేటికిని కలకత్తాలో ఆయన పేరిట వెలసిన విజ్ఞానమందిరమున సాగుచున్నది.